చక్రమును చేరిన శక్తి



కిందటి నెలలో ఈ శీర్షిక క్రింద ఇంటి విద్యుచ్ఛక్తి లెక్కను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ నెల మోటారుకారును గూర్చి వ్రాయుచున్నానని చూచి, "ఇది పురుషుల పని గదా, మనకేల?" యని పుట త్రిప్పివేయకుడు. ఈ సంగతి తెలియకపోవుటచే మా మరదలి చీటీ సొమ్ము డెబ్బదివేల రూపాయలు కొద్దిలో చేయిజారి యుండెడివి. ఇంటి జమాఖర్చు చూచుకొను ప్రతి యిల్లాలికిని ఇది తెలిసియుండుట మేలని తోచినది.

మా తమ్ముడు మేడ్చలులో కాపురముండి, శామీర్‌పేట దిక్కున తుర్కపల్లి కడనున్న జీనోమ్ వ్యాలీ కర్మాగారములకు పోవు ఉద్యోగులను తన కారులో దింపి వచ్చుచు జీవనము చేయుచున్నాడు. కారు పాతదే కొన్నది. ఈ వేసవిలో నలుగురు ఎక్కినచో ఎత్తు ప్రదేశములందు బండి బరువుగా నడచుచున్నదనియు, పెట్రోలు మునుపటికంటె ఎక్కువ త్రాగుచున్నదనియు అతడు కనిపెట్టెను. స్నేహితుని మాట విని దానిని పట్టణములోని యొక పనిశాలకు తీసికొనిపోయి, చక్రములను ఇనుప దొర్లుడు దిమ్మెలపై నిలిపి శక్తిని కొలుచు యంత్రముమీద పరీక్ష చేయించెను. కారుతో వచ్చిన పుస్తకములో ఇంజను శక్తి 88 అశ్వశక్తులని యున్నది. యంత్రము 71 అని చూపెను. "చూచితిరా? పదునేడు గుఱ్ఱములు పోయినవి. ఇంజను విప్పి లోపలి భాగములు మార్చవలెను. డెబ్బదివేలగును" అని అక్కడివారు చెప్పిరి.

ఆ సాయంకాలము మా మరదలు వచ్చి, "వదినా! పిల్ల కాలేజీ రుసుమునకని కట్టుకొన్న చీటీని ఎత్తుదమనుకొనుచున్నాము. బండి నడవనిచో ఇల్లు నడవదు గదా! మీరేమందురు?" అని అడిగెను. నేను మా తమ్ముని పిలిచి ఒక్క ప్రశ్న వేసితిని. "ఆ 88 ఎక్కడ కొలిచినది? ఈ 71 ఎక్కడ కొలిచినది?" అతనికి తెలియలేదు. ఆ పనిశాలవారు చెప్పలేదు. ఈ నెల విషయమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

మొదట అశ్వశక్తి యన నేమో చూతము. పదునెనిమిదవ శతాబ్దిలో జేమ్స్ వాట్ అను స్కాట్లండు దేశీయుడు ఆవిరియంత్రములను బాగుపఱచి వ్యాపారము చేసెను. కొనువారు అంతవఱకు గుఱ్ఱములచే పని చేయించుకొనుచుండినవారు. "నీ యంత్రము ఎన్ని గుఱ్ఱముల పెట్టు?" అని వారడుగుట సహజము. అందులకాయన ఒక గుఱ్ఱపు పనికి కొలత నేర్పఱచెను. నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తుటకు సమానమైన పని ఒక అశ్వశక్తి. మన యింటి భాషలో చెప్పవలెనన్న, 75 కిలోల ధాన్యపు బస్తాను ఒక్కొక్క సెకనుకు ఒక్కొక్క మీటరు చొప్పున పైకెత్తుచు పోవుట. ఈ బస్తా లెక్క మెట్రిక్ పద్ధతిలోనిది. దానికిని బ్రిటిషు లెక్కకును కొంచెము భేదము కలదు. బ్రిటిషు అశ్వశక్తి సుమారు 746 వాట్లు, మెట్రిక్ అశ్వశక్తి సుమారు 735 వాట్లు. అందుచేత ఒకే ఇంజనును ఒక కాగితము 100 పీ.ఎస్. అనియు, మఱొక కాగితము 98.6 బీ.హెచ్.పీ. అనియు చెప్పవచ్చును. అచ్చట గుఱ్ఱము మాఱినది గాని ఇంజను మాఱలేదు.

ఆ రెండవ పేరులో మొదటి అక్షరము బ్రేకును సూచించును. 1821లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ప్రోనీ యనునతడు, తిరుగుచున్న ఇరుసును కొయ్యదిమ్మెలతో బిగబట్టి, ఆ బిగువునకు ఎంత బరువు ఆగెనో చూచి, యంత్రపు శక్తిని కొలుచు ఉపాయము కనిపెట్టెను. నేటి ప్రయోగశాలలలో కొయ్యదిమ్మెలు లేవు, విద్యుద్యంత్రములున్నవి. పద్ధతి మాత్రము అదే. ఇంజనును బండినుండి వేఱుగా ఒక పీఠముపై నిలిపి, దాని ఇరుసు చివరనే శక్తిని కొలుతురు. మా తమ్ముని పుస్తకములోని 88 అట్టిది. అది ఇంజను కడ కొలిచినది. పనిశాలలోని 71 చక్రము కడ కొలిచినది. రెండింటి నడుమ చాల దూరము కలదు.

ఈ దూరము తెలియుటకు మోటబావిని తలచుకొనుడు. మా మేడ్చలు చుట్టుప్రక్కల పొలములలో విద్యుత్ పంపులు రాకమునుపు మోటలే యుండెడివి. ఎద్దులు వాలుబాటను దిగుచు మోకును లాగును. మోకు గిలకమీద నడచును. తోలుబాన పైకి వచ్చి తొట్టిలో నీరు గ్రుమ్మరించును. ఆ నీరు కాలువవెంట మడికి పోవును. ఎద్దులు లాగినదంతయు మడిలో నీరై నిలుచునా? గిలక కీచుమన్నచోట కొంత బలము పోవును. బాన చిల్లులనుండి కొంత నీరు కారును. కాలువమట్టి కొంత త్రాగును. ఎద్దుల బలమును కొలుచుట ఒకటి, చివరి మడిలోని నీటిని కొలుచుట మఱొకటి. రెండును సత్యములే. కాని మడిలో నీరు తక్కువైనదని చూచి ఎద్దులకు రోగమని నిర్ణయించి పశువైద్యుని పిలుచువారెవరు?

కారులో ఎద్దుల స్థానమున ఇంజనున్నది. మడి స్థానమున నేలను త్రొక్కు చక్రమున్నది. నడుమ క్లచ్చి, గేరుపెట్టె, డిఫరెన్షియలు, ఇరుసులు, బేరింగులు కలవు. గేరుల పండ్లు ఒకదానితో నొకటి ఒరయునప్పుడు కొంత శక్తి పోవును. ఆ పండ్లు అరగకుండ పోసిన నూనెను అవియే చిలుకుచుండును. చిక్కని పెరుగును కవ్వముతో త్వరత్వరగా చిలికిన చేతులెట్లు నొచ్చునో మనకు తెలియనిది కాదు. డిఫరెన్షియలు మలుపులందు బయటి చక్రము ఎక్కువయు, లోపలి చక్రము తక్కువయు తిరుగునట్లు చేయు గేరుల గుంపు. అదియు తన పాలు పుచ్చుకొనును. తుదకు టైరు. అది అడుగున అణగి, తిరిగి ఉబ్బి, ప్రతి చుట్టులోను నలుగుచుండును. గాలి తక్కువైన కొలది ఎక్కువ నలుగును.

ఇట్లు పోయిన శక్తి నాశనము కాదు, వేడిగా మాఱును. ఈ వేడి ఎంతటిదో స్నానపు నీళ్లు కాచెడి విద్యుత్ కడ్డీతో లెక్క చూచుకొనవచ్చును. మన ఇండ్లలోని కడ్డీ సాధారణముగా వేయి వాట్లది. ఇంజనునుండి చక్రము చేరులోపల 13 అశ్వశక్తులు పోయెనన్న, సుమారు తొమ్మిదిన్నర కడ్డీలు ఒక్కసారి పెట్టినంత వేడి గేరుపెట్టెలోను, బేరింగులలోను, టైర్లలోను పుట్టుచున్నదన్నమాట. ఇది ఇంజను తన పూర్ణశక్తితో పనిచేయు క్షణములందలి లెక్క. నెమ్మదిగా పోవునప్పుడు ఇంత యుండదు.

అట్లయిన సాధారణముగా ఎంత పోవును? ఇంజనును చక్రములును ముందేయున్న చిన్న కారులలో నూటికి పది మొదలు పదునైదు పాళ్లవఱకు పోవునని వాడుకలోని లెక్క. ఇంజను ముందుండి వెనుక చక్రములు త్రిప్పు బండ్లలో పొడవైన ఇరుసును, దిశ మార్చు గేరును అధికముగా నుండుటచే మఱికొంచెము పోవును. నాలుగు చక్రములకును శక్తి పంచు బండ్లలో ఇంకను ఎక్కువ. నూనె ప్రవాహముచే శక్తిని అందించు పాత తరహా ఆటోమేటిక్ బండ్లలో ఆ నూనె జారుటచే నష్టము హెచ్చు. నేటివానిలో ఆ జారుడును అరికట్టు బంధనముండుటచే తగ్గినది. విద్యుత్ కారులలో పెక్కింటికి ఒకే గేరుండును గావున నష్టము స్వల్పము, కాని శూన్యము కాదు.

ఇచ్చట ఒక పొరపాటునకు లోనుకారాదు. కొందఱు చక్రము కడ కొలిచిన అంకెకు నూటికి పదునైదు పాళ్లు కలిపి, "ఇదే ఇంజను శక్తి" యని తేల్చివేయుదురు. కాలువను మరల తలచుకొనుడు. ఎండిన కాలువమట్టి, నీరు ఎక్కువ వచ్చినను తక్కువ వచ్చినను, తాను త్రాగవలసినంత త్రాగును. బాన చిల్లులనుండి మాత్రము నీరు నిండిన కొలది ఎక్కువ కారును. కారులోను అంతే. నూనెను చిలుకుట మొదలగు కొన్ని నష్టములు వేగమునుబట్టి యుండునుగాని ఇంజను బలమునుబట్టి యుండవు. గేరు పండ్ల ఒరపిడి మాత్రము బలముతోపాటు పెరుగును. కావున అన్ని బండ్లకును, అన్ని వేగములకును సరిపోవు ఒక్క పాలు లేదు. ఆ పదునైదు ఉజ్జాయింపునకు పనికివచ్చును గాని తీర్పునకు పనికిరాదు.

మఱొక సందేహము. "గేరు వేసినచో చక్రమునకు బలము పెరుగును గదా! శక్తి తగ్గునందురేమి?" అని మా మరదలే అడిగెను. మంచి ప్రశ్న. గునపముతో బండను లేవనెత్తునప్పుడు మన చేతి బలము బండ కడ అనేక రెట్లగును. కాని మన చేయి మూరెడు కదిలిన బండ బెత్తెడు కూడ కదలదు. బలము పెరిగినంత మేర కదలిక తగ్గినది. మొదటి గేరులో చక్రపు త్రిప్పుడు బలము హెచ్చును, వేగము తగ్గును. రెండును కలిపి చూచినదే శక్తి. అది గేరువలన పెరుగదు, ఒరపిడిచే కొంత తఱుగును.

కొలిచెడి యంత్రములలోను భేదములున్నవి. కొన్నిటిలో దిమ్మె బరువైనది. దాని బరువు ముందే తెలియును గావున, చక్రము దానిని ఎంతసేపటిలో ఎంత వేగమునకు తెచ్చెనో చూచి శక్తిని లెక్కింతురు. కొన్నిటిలో దిమ్మెను విద్యుదయస్కాంతముచే బిగబట్టి కొలుతురు. మొదటి రకమున దిగువ గేరులో పరీక్షించిన అంకె తగ్గి కనబడును. ఏలయన బండి త్వరితముగా వేగమందుకొనునప్పుడు ఇంజనులోని బరువుచక్రమును, టైర్లను పరుగెత్తించుటకే కొంత శక్తి ఖర్చగును. ఇంకొకటి గాలి. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చటి గాలి యొత్తిడి సముద్రతీరమున కంటె నూటికి ఆఱు పాళ్లు తక్కువ. టర్బో లేని ఇంజను ఇంచుమించు అంత శక్తిని కోల్పోవును. మంచి యంత్రములు గాలి యొత్తిడిని, వేడిమిని లెక్కలోనికి తీసికొని అంకెను సవరించును. మా తమ్ముని చీటీపై అట్టి సవరణ జరిగినదని అచ్చువేసియుండెను. కావున మాకు గాలిని తప్పుపట్టు అవకాశము లేకపోయెను.

ఒకే యంత్రమునకు ఒకటికంటె ఎక్కువ అంకెలుండుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో కారులు చేయువారు 1971 వఱకు ఇంజనునుండి విసనకఱ్ఱ, విద్యుత్తు పుట్టించు పరికరము, పొగగొట్టపు సైలెన్సరు మొదలైనవి తీసివేసి కొలిచిన పెద్ద అంకెనే ప్రకటించుచుండిరి. 1972 నమూనాలు మొదలు అవన్నియు తగిలించి కొలిచిన అంకె వాడుకలోనికి వచ్చెను. ఒక్క యేడాదిలో అంకెలు పడిపోయినవి. ఇంజనులలో మార్పు లేనిచోట కూడ అట్లే జరిగినది.

రైతుల సంగతి ఇంతకంటె ముందటిది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున విల్మట్ క్రోజియర్ అను రైతు ఒక ట్రాక్టరు కొనెను. అది చెప్పినంత పని చేయక ఆయనను విసిగించెను. ఆయన శాసనసభ్యుడై, తమ రాష్ట్రమున అమ్మెడి ట్రాక్టరు నమూనాలను విశ్వవిద్యాలయము పరీక్షించి ఫలితమును ప్రకటింపవలెనని 1919లో చట్టము చేయించెను. పరీక్షలు 1920లో మొదలైనవి. ఆ కాలపు ట్రాక్టర్లకు 10-20 వంటి జంట అంకెలు పేరులోనే యుండెడివి. మొదటిది నాగలిని లాగు కొక్కెము కడ దొరకు శక్తి, రెండవది పట్టా తగిలించి యంత్రములను త్రిప్పునప్పుడు దొరకు శక్తి. మెత్తని దుక్కిలో చక్రము జారుటచే లాగుడు శక్తి అంతగా తగ్గును. మన దేశములో మధ్యప్రదేశమునందలి బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించు కేంద్ర ప్రభుత్వ సంస్థ కలదు. మన తెలుగునాట అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో దక్షిణ ప్రాంతమునకు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ వెలసినది. సేద్యము గల ఇండ్లలోని సోదరీమణులు ట్రాక్టరు కొనునప్పుడు ఇంజను శక్తితో తృప్తిపడక, వెనుకనుండి రోటవేటరు మొదలగువానిని త్రిప్పు ఇరుసు కడ ఎంత శక్తి దొరకునో అడుగవలెను. దానిని పీ.టీ.ఓ. శక్తి యందురు. మీ పనిముట్టునకు కావలసినది అదియే.

ఇక మా తమ్ముని కారు సంగతి. 88కిని 71కిని భేదము 17, అనగా నూటికి పందొమ్మిది పాళ్లు. ముందుచక్రముల చిన్న కారునకు ఇది వాడుక లెక్కకంటె కొంత హెచ్చు. కావున "పదునేడు గుఱ్ఱములును ఇంజనులోనే పోయినవి" అనుట తప్పు. "ఏమియు దోషము లేదు" అనుటయు తప్పు. పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నదన్న మాటను త్రోసివేయరాదు గదా! డబ్బు కట్టుటకు ముందు నాలుగు దినములు ఆగుమని చెప్పి, మేడ్చలులో చిరకాలముగా కార్లు బాగుచేయు ఒక వృద్ధుడైన ఉస్తాదు కడకు పంపితిని.

ఆయన మొదట ఇంజను నాలుగు సిలిండర్లలోను ఒత్తిడి కొలిచెను. నాలుగును ఇంచుమించు సమానముగా, ఉండవలసినంత యుండెను. ఇంజను లోపలి భాగములు అరిగియుండిన అట్లుండదు. పిదప బండిని రింగురోడ్డు దిక్కునకు కొంత దూరము, బ్రేకు ఎక్కువ వాడకుండ నడిపించుకొని వచ్చి, ఒక్కొక్క చక్రము దాపున అఱచేయి పెట్టి చూచెను. ఎడమ ముందుచక్రము మాత్రము సెగలు క్రక్కుచుండెను. ముందుభాగమును జాకీపై లేపి చేతితో త్రిప్పగా కుడి చక్రము సుళువుగా తిరిగెను, ఎడమది పట్టుకొనెను. బ్రేకును కదలనిచ్చు పిన్నులు త్రుప్పుపట్టి, కాలు తీసినను బ్రేకు వదలుట లేదు. అదిగాక రెండు టైర్లలో 33 ఉండవలసిన గాలి 24 మాత్రమే యుండెను. పిన్నులు శుభ్రపఱచి, గ్రీజు పెట్టి, బ్రేకు ప్యాడులు మార్చి, గాలి నింపుటకు అయిన ఖర్చు రెండువేల ఆఱువందల రూపాయలు.

పిదప మా తమ్ముడు అదే పనిశాలలో, అదే యంత్రముపై, అదే గేరులో మరల పరీక్ష చేయించెను. ఈసారి 75 అని చూపెను. నష్టము 13, అనగా నూటికి పదునైదు పాళ్లకు లోపల. నడుమ దొరకిన నాలుగు అశ్వశక్తులు సుమారు మూడు వేడికడ్డీల పెట్టు. అంత వేడి ఒక బ్రేకులోను, రెండు మెత్తని టైర్లలోను వృథాగా పుట్టుచుండెను. ఇంజను విప్పి డెబ్బదివేలు పోసియున్నను ఆ బ్రేకు అట్లే పట్టుకొని యుండెడిది.

ఇట్టి సందర్భము మీ యింట వచ్చినప్పుడు అడుగదగిన ప్రశ్నలు కొన్ని చెప్పుదును. మొదటిది, ఈ అంకెను ఇంజను కడ కొలిచిరా, చక్రము కడ కొలిచిరా? రెండవది, ఏ అశ్వశక్తి, పీ.ఎస్. లెక్కయా, బీ.హెచ్.పీ. లెక్కయా? మూడవది, ఏ గేరులో కొలిచిరి, గాలికిని వేడిమికిని సవరణ చేసిరా? నాల్గవది, ఇంజనే చెడినదని వేఱొక పరీక్షచే నిలువరించిరా? రెండు క్రొత్త కారులను పోల్చునప్పుడు రెండింటికిని ఇంజను అంకెలనే, ఒకే కొలతలోనికి మార్చి పోల్చుడు. ఒకదాని ఇంజను అంకెను మఱొకదాని చక్రపు అంకెతో పోల్చకుడు. చక్రపు అంకెకు నిజమైన ప్రయోజనము వేఱు. అదే బండిని అదే యంత్రముపై కొంతకాలమునకు మరల కొలిచినప్పుడు తగ్గెనా, పెరిగెనా యని తెలిసికొనుటకు అది చక్కగా పనికివచ్చును. ఇంజను అంకెకంటె తక్కువగా నుండుట దానికి సహజము. తన నిన్నటి అంకెకంటె తక్కువైనప్పుడే కారణము వెదకవలెను.

ఒక హెచ్చరిక. చక్రపు వేడిని చూచునప్పుడు చేతిని దాపునకు మాత్రమే తీసికొనిపోవలెను. లోహమును తాకరాదు. పట్టుకొన్న బ్రేకు చేయి కాల్చును.

మా మరదలి చీటీ ఎత్తలేదు. జూన్ నెలలో పిల్ల రుసుము దానితోనే కట్టిరి. మొన్న ఆదివారము అందఱము ఆ కారులోనే శామీర్‌పేట చెఱువుకడకు పోయి వచ్చితిమి. ఇంటికి చేరగానే ఆమె దిగి, పిల్లలను లోపలికి పంపి, తాను నాలుగు చక్రముల చుట్టు తిరిగి దాపున చేయి పెట్టి చూచి, "నాలుగును ఒక్క తీరుగానే యున్నవి, వదినా!" అని చెప్పి లోపలికి వచ్చెను.